బడికి చివర వచ్చినవాడు

బళ్లారి సీమలో తెలుగుబిడ్డ రెండు భాషల నడుమ పెరుగుతాడు. ఇంట్లో అయ్యవారు, బడిలో మేష్ట్రు. ఇంట్లో గుంజీలు, బడిలో బస్కి. పేరు ఏదైనా మోకాళ్ల నొప్పి ఒక్కటే. మన భాషలో బాలశిక్ష అంటే చదువు, ఉత్త శిక్ష అంటే దండన. కన్నడంలోనూ అంతే: శిక్షణ, శిక్షె. రెండూ ఒక కడుపున పుట్టిన మాటలు గనుకనే కాబోలు, దెబ్బ పడనిదే చదువు రాదని మన పెద్దలు నమ్మారు.

ఆ కాలపు మన జిల్లా బడుల సంగతి కలెక్టరు క్యాంబెల్ దొర 1823 ఆగస్టులో మద్రాసుకు వ్రాసి పంపాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చు వేయించిన దొర ఆయన. అనంతపురం కూడా కలిసి ఉన్న ఆనాటి జిల్లాలో 533 బడులు ఉండేవట. వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చదివేవారు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మందే.

బడి ఉదయం ఆరింటికి మొదలు. మొట్టమొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న: మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లా వరుసగా. సోమరికి బెత్తం దెబ్బలు, చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, గుంజీలు సరేసరి.

మేము గుమాస్తాలము, లెక్క చూడకుండా ఉండలేము. ముప్పై మంది ఉన్న బడిలో అందరూ కోడి కూయగానే వచ్చినా, చివరివానికి ఇరవై ఎనిమిది దెబ్బలు తప్పవు. ఆ శిక్ష ఆలస్యానికి కాదు, చివరివాడైనందుకు! మా ఆఫీసు హాజరుపట్టీలో పదింటిలోగా సంతకం చేసినవారందరూ సమానమే. ఎంత లేటైనా ఎర్రసిరా గుర్తే గాని, దూలానికి కట్టడం లేదు.

నిరుడు మా చిన్నపాప, మూడవ తరగతి, ఒకే వారంలో మూడుసార్లు ఆలస్యమై, ప్రార్థన ముగిసేదాకా గేటు బయట నిలబడింది. నాలుగవ నాడు కడుపునొప్పి అని మంచం దిగలేదు. ఆ నొప్పికి మందు డాక్టరు దగ్గర లేదని వాళ్లమ్మ పసిగట్టింది. మేము అరపూట సెలవు పెట్టి బడికి వెళ్లాము.

టీచరమ్మ మంచిదే. "సార్, నలభై మంది పిల్లలు, నేనొక్కదాన్ని. ఈరోజు నలుగురిని వదిలితే రేపు పదిమంది అవుతారు" అన్నది కన్నడంలో. అదీ నిజమే. "నిలబెట్టండి మేడమ్, కాదనము. రోడ్డు మీద కాక లోపల నిలబెట్టండి. ఎందుకు ఆలస్యమైందో ఒక్కమాట అడగండి" అన్నాము.

ఆమె అడిగింది. మా పాపతో కలిపి ముగ్గురు ఎక్కే ఆటో, వేరే బడి పిల్లలను దింపి వస్తున్నదట. ఆటో మార్చాము, ఆలస్యం పోయింది. నాలుగవ పిల్ల వీధి కొళాయిలో నీళ్లు పట్టి ఇంట్లో పోసి రావాలి. ఆటో మార్చినట్లు కొళాయిని మార్చలేము గదా! ఆ పిల్లను ఇప్పుడు టీచరమ్మ ప్రార్థన మధ్యలోనైనా లోపలికి రానిస్తున్నది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. అయినా మనవాళ్లు కొందరు నేటికీ బడికి వెళ్లి, "కళ్లు రెండూ వదిలి ఎక్కడైనా కొట్టండి" అని చెప్పి వస్తూనే ఉన్నారు. బెత్తం ప్రభుత్వం తీసివేసినా, తిరిగి చేతికి ఇచ్చేది మనమే.

క్రమశిక్షణ వద్దని ఎవరూ అనరు. వేళకు రావడం, వరుసలో నిలవడం, పెద్దలు మాట్లాడేటప్పుడు వినడం పిల్లలకు నేర్పవలసిందే. కాని చివర వచ్చిన బిడ్డ చెయ్యి చాపించే ముందు, ఆ చేతిలో బిందె ఉండి వచ్చిందేమో చూడడం పెద్దల పని.