ఆషాఢం చీరలు, డిసెంబరు కారు

చింతపండు ఎప్పుడు కొనాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవి మొదట్లో కొత్త పండు రాగానే ఏడాదికి సరిపడా తీసుకుని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తేస్తాం. ఎండుమిర్చీ అంతే. పట్టుచీరల సంగతి ఇంకా బాగా తెలుసు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కొట్లలో జనం ఉండరు, అందుకే రిబేట్లు పెడతారు. ఆషాఢంలో కొనుక్కుని శ్రావణంలో కట్టుకుంటాం. ఇంత తెలివి ఉన్న మనం కారు మాట వచ్చేసరికి "అది మగవాళ్ళ వ్యవహారం" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం. 2024లో మేం కారు కొన్నప్పుడు మాత్రం నేను వెళ్ళిపోలేదు.

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆటో ఎక్కేటప్పుడు ఆవిడ పళ్ళ బిగువున అడుగు పైకి వేస్తుంటే చూడలేకపోయేదాన్ని. అందుకే కారు అనుకున్నాం. మా వారు దసరాకే తెచ్చేద్దామన్నారు. షోరూంకి వెళితే ఎనిమిది లక్షల కారు మీద పదిహేను వేలు తగ్గిస్తామన్నారు. పండగ సంబరంలో అందరూ స్వీటు తిని సంతకం పెట్టేస్తున్నారు, బేరమాడేవాళ్ళే లేరు.

నాకు ఆషాఢం గుర్తొచ్చింది. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త చదివాను. డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల అమ్మకాలకి సరిపడా కార్లు పేరుకుపోయాయని వాళ్ళ సంఘం ఫాడా చెప్పిందట. డీలర్లు చాలావరకు అప్పు తెచ్చే సరుకు పెడతారు. కారు ఊరికే నిలబడి ఉన్నన్నాళ్ళూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా డిసెంబరు దాటితే అదే కారు "పోయినేడాది బండి" అయిపోతుంది. తయారైన నెల, సంవత్సరం ఆర్సీలోనే ఉంటాయి కదా. అంటే అమ్మేవాడికి తొందర పుట్టేది దసరాకి కాదు, డిసెంబరు ఆఖరుకి.

"పది వారాలు ఆగుదాం" అన్నాను. మా వారు వెంటనే, "మరి అమ్మ?" అన్నారు.

అసలు ప్రశ్న అదే. పది వారాలంటే ఇరవైసార్లు ఆస్పత్రికి. ఆటో మానేసి క్యాబ్‌లో తీసుకెళితే రానూపోనూ ఐదొందలు, మొత్తం పదివేలు. డబ్బు లెక్క కాబట్టి తేలిపోయింది. ఆవిడ నొప్పికి లెక్క నేను వేయలేను. అందుకే ఆవిడనే అడిగాను. "ఆటో ఎక్కించకుండా ఉంటే సంక్రాంతి దాకా అయినా ఆగుతానే. క్యాబ్ అయితే నాకేం?" అన్నారు. అప్పటికిగానీ నా మనసు కుదుటపడలేదు.

డిసెంబరు మొదటివారంలో మారుతి వాళ్ళు జనవరి నుంచి 4 శాతం దాకా పెంచుతామన్నారు, హ్యుందాయ్ వాళ్ళు 25 వేల దాకా అన్నారు. మా వారు కంగారుపడ్డారు. పెరిగేది జనవరిలో కాబట్టి మనం నెలాఖరు దాకా ఆగవచ్చన్నాను. 26న వెళ్ళాం. ఈసారి నలభై అయిదు వేలు తగ్గించారు. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట కనుక్కున్న రేటు చూపిస్తే అందులో ఇంకో ఎనిమిది వేలు దిగారు. మొత్తం 53 వేలు. దసరాకి చెప్పిన పదిహేను వేలు, క్యాబులకైన పదివేలు తీసేస్తే నికరంగా 28 వేలు మిగిలాయి.

అయితే అది ధనుర్మాసం. కొత్త బండి ఇంటికి ఎలా తెస్తామని మా వారి అనుమానం. అత్తయ్యగారే తేల్చేశారు. "ఆషాఢంలో చీర కొని శ్రావణంలో కట్టుకోమా? ఇప్పుడు తెచ్చేయండి, దుర్గమ్మ కొండ దగ్గర పూజ సంక్రాంతి వెళ్ళాక చేయిద్దాం. ఆస్పత్రికి వెళ్ళడానికి ముహూర్తం ఏమిటి?" మర్నాటి ఫిజియోథెరపీకి ఆ కారులోనే వెళ్ళాం.

కథ ఇక్కడితో అయిపోతే నేను గొప్పదాన్నయ్యేదాన్ని. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద పన్ను తగ్గింది. మా కారులాంటి చిన్న పెట్రోలు కార్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది, 18 శాతం అయింది. ఎనిమిది లక్షల కారు మీద లెక్కేస్తే దాదాపు 68 వేలు. పక్కింటి వదిన వచ్చి, "ఇంకో తొమ్మిది నెలలు ఆగాల్సింది" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు, "ఈ తొమ్మిది నెలలూ నన్ను నువ్వు మోసుకెళ్ళేదానివా అమ్మాయ్?" అన్నారు. వదిన నవ్వేసింది.

ఆ మాట నాకు బాగా నచ్చింది. నెలాఖరు, ఏడాది చివర, గిరాకీ లేని రోజులు మన లెక్కకి అందుతాయి. ప్రభుత్వం పన్ను ఎప్పుడు తగ్గిస్తుందో అందదు. అందేవాటి కోసం ఆగాలి, అందనివాటి కోసం ఇంట్లోవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. మీ ఇంట్లో కారు మాట వస్తే, ఎన్నాళ్ళు ఆగగలరో ముందు అనుకోండి. ఆగినన్నాళ్ళూ ఎవరు ఇబ్బంది పడతారో వాళ్ళని అడగండి. తేదీ ఆ తర్వాత చూసుకోవచ్చు. బండి ఏ నెలలో తయారైందో మాత్రం తప్పకుండా కనుక్కోండి. నాలుగైదేళ్ళలో అమ్మేసేవాళ్ళకి ఆ సంవత్సరం తేడా గట్టిగానే తగులుతుంది. మాలాగా పాతబడేదాకా వాడుకునేవాళ్ళకి అంతగా పట్టదు.

ఇక షోరూంకి మీరూ వెళ్ళండి. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరు అడిగి తెచ్చుకునే మనకంటే బాగా బేరమాడేదెవరు?