ఆవకాయ రోజుల్లో మారథాన్ పరుగు

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి 16 వారాలు లెక్కపెడితే మే మొదటి వారం వస్తుంది. పిల్లలకి సెలవులిచ్చాక మేం కోనసీమలో మా అత్తగారి ఊరు వెళ్ళేదీ సరిగ్గా అప్పుడే. హాఫ్ మారథాన్లు రెండు చేశాను కానీ పూర్తి 42.195 కిలోమీటర్లు నాకిదే మొదటిసారి. అంటే ట్రైనింగులో మొదటి మూడు వారాలూ ఏటిగట్టు మీదే.

వారం పది రోజులు పరుగు మానేస్తే దమ్ము పెద్దగా తగ్గదు. రెండు వారాలు దాటితే మాత్రం తేడా తెలుస్తుంది. కాబట్టి మూడు వారాలూ పూర్తిగా వదిలేయడానికి లేదు. మంగళవారం 6, గురువారం 8, ఆదివారం లాంగ్ రన్ 14తో మొదలుపెట్టి 18 దాకా. కాగితం మీద ఇంతే.

అసలు చిక్కు కాళ్ళతో కాదు, ఇంటితో. హైదరాబాద్‌లో నేను నాలుగున్నరకి బయటపడి, పిల్లలు లేచేసరికి వచ్చేస్తాను. ఆ రెండు గంటలూ నా నిద్రలోంచి తీసుకున్నవి, ఇంకెవరి ఖాతాలోనూ పడవు. అత్తగారింట్లో అలా కాదు. సెలవులకి అందరూ చేరితే పద్నాలుగు మందిమి. తెల్లవారకముందే కళ్ళాపి, ముగ్గు, పాలు, పెద్దవాళ్ళకి కాఫీ, ఆ తర్వాత వాయి మీద వాయి ఇడ్లీలు. నేను పరుగుకి పోతే ఆ పని మాయమైపోదు కదా, నా తోడికోడలి మీద పడుతుంది. నేను చదివిన రన్నింగ్ వ్యాసాల్లో నీళ్ళ గురించి, బూట్ల గురించి చాలా రాశారు కానీ, ఈ పని ఎవరు చేస్తారో ఎవరూ రాయలేదు.

నా తోడికోడలు నాకంటే ఏడేళ్ళు చిన్నది. ఏడాది పొడుగునా అత్తయ్యనీ, మావయ్యనీ చూసుకునేది తనే. వెళ్ళిన రోజు రాత్రి పెరట్లో గిన్నెలు సర్దుతూ నా షెడ్యూలు సంగతి చెప్పాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వొస్తే నాకు కాస్త చెయ్యి ఆసరా ఉంటుందనుకున్నానక్కా" అంది. కోపంగా అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ రాత్రే గిన్నెల దగ్గర కూర్చుని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. వారంలో మూడు తెల్లవారుజాములు నావి. దానికి బదులు రోజూ సాయంత్రం వంట మొత్తం నాది, మర్నాటికి పిండి రుబ్బడం నాది. రెండో వారంలో నాలుగు రోజులు తను పుట్టింటికి వెళ్ళొస్తుంది, ఆ నాలుగు రోజులూ ఇల్లంతా నాది. పెళ్ళయ్యాక వేసవిలో తను పుట్టింటికి వెళ్ళడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది. మేమందరం వచ్చేది వేసవిలోనే కదా మరి!

పొద్దున్న కాఫీ మాత్రం అన్నదమ్ములిద్దరికీ అప్పజెప్పాం. మొదటి రోజు మావారు పెట్టిన కాఫీ తాగి అత్తయ్య, "ఇది కాఫీయా, కషాయమా?" అన్నారు. మూడో రోజుకి మాట్లాడకుండా తాగారు.

ఇక గట్టు. గోదావరి వరదని ఆపడానికి వేసిన ఏటిగట్టు అంటే మాలాంటివాళ్ళకి వరమే. ఒకపక్క లంకలు, ఒకపక్క కొబ్బరితోటలు, ఎత్తుపల్లాలు లేని దారి. ఆగస్టులో ఫ్లైఓవర్లు ఎక్కాల్సినదానికి ఈ చదును చాలదు, నిజమే. కానీ మట్టి నేల మోకాళ్ళకి హాయి. బాధల్లా ఉక్కపోతతోనే. నాలుగుంపావుకే బయల్దేరినా గాలిలో తేమకి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. హైదరాబాద్‌లో కిలోమీటరు ఏడుంపావు నిమిషాల్లో పరిగెత్తేదాన్ని ఇక్కడ ఎనిమిది దాటిపోయాను. వాచీ చూడటం మానేసి, ఆయాసపడకుండా నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నానా లేదా అని చూసుకునేదాన్ని. వేడికి ఒళ్ళు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందంటారు. నాకూ రెండో వారం చివర్లోనే ఊపిరి కుదురుకుంది.

మొదటి రోజు ఒకాయన బండి ఆపి, "ఎవరికమ్మా ఒంట్లో బాలేదు? ఎక్కు, దింపేస్తాను" అన్నాడు. చీకట్లో ఆడమనిషి పరిగెడుతోందంటే ఆయనకి వేరే కారణం తట్టలేదు. నాలుగో రోజుకి నా పేరు పి.టి. ఉష అయిపోయింది. పాపం ఆవిడ పరుగు 400 మీటర్ల హర్డిల్స్, 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం చేజారింది. ఆడవాళ్ళకి మారథాన్ మొట్టమొదట పెట్టింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే. అంతకుముందు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 1500 మీటర్లకి మించిన పరుగే లేదు. మా అత్తయ్య కాపురానికొచ్చింది ఆ ఏడాదే. ఈ సంగతి చెబితే, "మేం అప్పుడు కాలవ నుంచి రెండు బిందెలతో రోజుకి ఎన్నిసార్లు తిరిగామో ఎవరు లెక్కపెట్టారు?" అన్నారు.

కుక్కల భయానికి రెండో రోజు నుంచి మావయ్య తన పాత టీవీఎస్ మీద వెనకాలే వచ్చేవారు. లైటు నా ముందు పడేలా, నా నడకకంటే కొంచెం ఎక్కువ వేగంతో, అంటే నా పరుగుతో సమానంగా. హ్యాండిల్‌కి మజ్జిగ సీసా. ఉప్పు దండిగా వేయించుకునేదాన్ని. కొబ్బరినీళ్ళు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పు. ఆయనకి ఇదంతా ఎరువుల లెక్కలా నచ్చింది. ధాన్యం తూచే కాటా మీద నన్ను ముందూ వెనకా తూచారు. 16 కిలోమీటర్లకి కిలోన్నర తగ్గాను. దారిలో తాగిన అర లీటరు కలిపితే రెండు లీటర్ల చెమట. గోడ మీద బొగ్గుతో రాసి పెట్టారు. ఇంటికొచ్చాక ఉల్లిపాయతో తరవాణి తాగి, గంట తర్వాత ఇడ్లీ తినేదాన్ని. బయల్దేరేముందు ఒక చక్కెరకేళి.

తోడికోడలు పుట్టింటికెళ్ళిన నాలుగు రోజుల్లో పరిగెత్తింది రెండే సార్లు, అదీ అరగంటేసి. దూరం తగ్గినప్పుడు కాస్త వేగం ఉంచితే సత్తువ నిలబడుతుంది, అందుకని ఒక నిమిషం జోరుగా, రెండు నిమిషాలు మెల్లగా. మిగతా రోజంతా పొయ్యి దగ్గరే. మూడో రోజు రాత్రి నడుం వాల్చినప్పుడు, తను దీన్ని ఏడాదంతా ఎలా లాగుతోందా అనిపించింది. పద్నాలుగు మంది ఉండరులే అనుకోవడానికి కూడా లేదు, వచ్చేపోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

మూడో ఆదివారం 18 కిలోమీటర్లు. అత్తయ్య ఆవకాయకి ముహూర్తం పెట్టిందీ ఆ రోజే. కొత్తపల్లి కొబ్బరి కాయలు తెల్లారేసరికి వచ్చేస్తాయి, కడిగి, తడి లేకుండా తుడిచి, ఎండ ఎక్కకముందే ముక్కలు కొట్టాలి. ఆ పని నన్ను ఒదిలిపెట్టి చేసుకోమనడానికి నాకు నోరు రాలేదు. ఒప్పందంలో ఆదివారం నాదని తోడికోడలు గుర్తుచేసింది కూడా. పరుగుని సోమవారానికి జరిపాను. లాంగ్ రన్ ఒక రోజు అటూ ఇటూ అయితే కొంప మునగదు, దాని పక్కనే ఇంకో కష్టమైన పరుగు పెట్టకుంటే చాలు. కానీ ఆరు గంటలు ముక్కలు కొట్టి, జీడి తీసి, ఆవపిండి కలిపిన కాళ్ళూ చేతులూ విశ్రాంతి తీసుకున్నవి కావని సోమవారం పదో కిలోమీటరులో తెలిసింది. ముక్తేశ్వరం రేవు దగ్గర పంటు కోసం నిలబడ్డ జనం మధ్య నుంచి వెనక్కి తిరిగి, చివరి మూడూ కొంత నడిచి, కొంత పరిగెత్తి పూర్తి చేశాను. అప్పటికి ఎండ చురుక్కుమంటోంది. మావయ్య గోడ మీద 18 అని రాసి చుట్టూ సున్నా చుట్టారు.

బయల్దేరేటప్పుడు తోడికోడలు ఆవకాయ జాడీకి గుడ్డ వాసెన కడుతూ, "ఆగస్టులో నేనూ వస్తానక్కా, నీ పరుగు చూడ్డానికి. ఆ నాలుగు రోజులూ ఇక్కడ వంట ఆయన చేస్తారట" అంది. మరిది అటు తిరిగి పేపరు చదువుకుంటున్నాడు. కాఫీ దాకా అయితే వచ్చింది. అన్నం వార్చడం ఇంకా రాలేదు. చేతిలో పదమూడు వారాలున్నాయి, ఇద్దరికీ.