ఎఱ్ఱగరుసు నేలలో గడ్డికోత బండి

అనంతపురము సీమలో గడ్డి కోయు యంత్రమును గూర్చి యోచించుట పైవారికి వింతగా దోచవచ్చును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు మించి నోచుకొనని యీ పీఠభూమిలో, పశువు నోటికి పిడికెడు పచ్చిక దొరకుటయే భాగ్యమని తలచిన కఱవు కాలములను పెద్దలింకను మఱవని యీ నేలలో, గడ్డి పెరిగిపోయినదని చింతించువాడెవ్వడుండునని వారడుగుదురు. కాని బోరునీటిని బొట్టుబొట్టుగా పంచి చీనీతోటను కాపాడుకొనుచున్న రైతు నడిగినచో సంగతి తెలియును. ఈ జిల్లాకు వాన యధికముగా వచ్చు సెప్టెంబరు మాసమున నాలుగు జల్లులు వరుసగా పడినచో, అంతవఱకు బోసిగానున్న చెట్ల నడుమ గరికయు తుంగయు గునుగును, వాటి నన్నింటిని మించి వయ్యారిభామయు, కొలది దినములలో మోకాలెత్తు లేచును. చెట్టునకు వేసిన యెరువును, అంతకంటె విలువైన తేమను అవి పంచుకొనును. అది వేరుసెనగ చెట్టు పెఱుకు పనులు దగ్గఱపడు కాలము గనుక కొడవలి పట్టువారు దొరకుటయు కష్టము.

ఇట్టి సమయమున మనవారు సాధారణముగా చేయు పని యొక్కటే. ట్రాక్టరునకు రోటవేటరు తగిలించి, చెట్ల సందులన్నియు త్రిప్పించి, నేలను పిండిగా చేయింతురు. తోట శుభ్రమైనదని కన్నులకు తృప్తి కలుగును. ఆ తృప్తికి నేల చెల్లించు మూల్యమును తలచినపుడెల్ల నాకు బాధ కలుగును. చీనీచెట్టు తన యాహారమును గ్రహించు సన్నని వేళ్ళు చాలవఱకు మూరెడు లోతులోపలనే పఱచుకొనియుండును. రోటవేటరు కత్తి ముందుగా కోయునది ఆ వేళ్ళనే. కోసిన గాటులగుండ వేరుకుళ్ళు శిలీంధ్రము లోనికి పోవుటకు దారి యేర్పడును. పిండియైన ఎఱ్ఱమట్టి తరువాతి వానకు పైన పెచ్చుగట్టును. పెచ్చు గట్టిన నేల లోనికి నీరింకదు. ఇంకని నీరు మన్నును వెంటగొని వంకలో కలియును. మిగిలిన ధూళిని ఆషాఢ శ్రావణముల పడమటి గాలి కొనిపోవును. కణేకల్లు ప్రాంతమున వేదవతి యొడ్డునుండి ఇసుక లేచి పంటపొలములమీద మేటలు వేయుచుండుట చూచినవారికి, ఈ సీమలో నేలను కప్పియుంచు గడ్డివేరు ఎంతటి యుపకారియో వేఱుగా చెప్పనక్కఱలేదు. కనుక తోటలో గడ్డిని కోయవలయునే గాని పెల్లగింపరాదు. బెత్తెడు మోడు నిలిపి కోసి, కోసినదానిని అచ్చటనే పఱచినచో అది యెండకు అడ్డమై తేమను నిలుపును; వేరు మన్నును పట్టియుంచును. కోత యంత్రమును గూర్చి నేను చెప్పబోవు మాట లన్నింటికిని మూలమిదియే.

యంత్రము లేకయే పని జరుగు చోట యంత్రము కొనుమని చెప్పుట నాకిష్టము కాదు. మానెత్తుగా పెరిగిన మామిడితోట యైనచో గొఱ్ఱెల మందను తోలించుటకు మించిన యుపాయము లేదు; గడ్డి తగ్గును, నేలకు ఎరువు చేరును. చీనీ కొమ్మలు నేలను తాకుచుండును గనుక అక్కడ మంద పనికిరాదు. లేతాకును బెరడును గొఱ్ఱె విడువదు. ఎకరము రెండెకరముల తోటకు భుజమునకు తగిలించుకొను బ్రష్ కట్టరు చాలును. ఆపైన, ఐదారెకరములు మొదలుకొని, మనిషి కూర్చుండి నడుపు బండి యవసరమగును. బండి యెంపిక యనెడు ప్రశ్న అక్కడ పుట్టును.

గడ్డికోత యంత్రము పుట్టిన చోటు వేఱు. ఇంగ్లండులోని స్ట్రౌడు పట్టణమున ఎడ్విన్ బడ్డింగు అను యంత్రకారుడు, ఉన్నిబట్టల నూగును కత్తిరించు మరను చూచి, అదే పద్ధతిని పచ్చికకు వర్తింపజేసి 1830లో హక్కుపత్రము పొందెను. నున్నని నేల, ఏడాది పొడుగున వాన, మెత్తని పచ్చిక: ఆ యంత్రము లెక్కలోనికి తీసికొన్నవి ఇవియే. అటుపిమ్మట అమెరికాలో మనిషి యెక్కి నడుపు కోతబండ్లు వచ్చినవి. జాన్ డీర్ వారి 110 అను బండి 1963లో వెలువడెను. నేడు టెక్సాసులోనో జార్జియాలోనో ఎకరము దొడ్డిగల యిల్లు కొన్న మన తెలుగువారు వారాంతమున నడుపుచున్నవి ఈ జాతి బండ్లే. అవి యచ్చట చక్కగా పనిచేయును. సెలవులకు పోయి వానిని చూచివచ్చినవారు, ధర్మవరము దాపుననో కళ్యాణదుర్గము దాపుననో తమకున్న తోటకు అట్టి బండినే తెప్పింపవలెనని ముచ్చటపడుట కలదు. వారికి నా మనవి యేమనగా, మొదట బండిక్రిందికి వంగి చూడవలయును.

పచ్చిక బండికి కత్తులను కప్పి యొక యినుప మూకుడుండును. చౌకబండ్లలో దీనిని పలుచని రేకును అచ్చునొత్తి చేయుదురు. మేలిబండ్లలో దళసరి రేకును ముక్కలుగా కోసి వెల్డింగు చేయుదురు. రేకు మందమును గేజి సంఖ్యతో చెప్పుట వాడుక; సంఖ్య తగ్గినకొలది మందము హెచ్చును. పది గేజి రేకు మూడున్నర మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఏడు గేజిది నాలుగున్నర. మన గరుసులో పలుగురాయి తగిలిన ప్రతిపర్యాయము ఈ రేకే దెబ్బ తినవలెను. కత్తిని మోయు కుదురు అల్యూమినియముతో పోతపోసినదైనచో ఒక్క గుండుదెబ్బకే పగులవచ్చును, పోతయినుముదైనచో ఓర్చును. ముందు ఇరుసు ఎగుడుదిగుడులకు అటునిటు ఊగునట్లు నడుమ కీలుతో నుండవలయును, అదియు రేకుతో మడచినది గాక ఘనమైన యినుముది కావలయును. కొన్ని చౌకబండ్లలో చక్రములను త్రిప్పు హైడ్రోస్టాటిక్ పెట్టె విప్పి బాగుచేయుటకు వీలులేనిది. చెడినచో పెట్టె మొత్తము మార్చవలసినదే. చిన్న చక్రములు, నేలకు జానెడెత్తునైన లేని పొట్ట, మెత్తని బెల్టులు గల యీ బండిని రాళ్ళగట్ల మధ్య వదలుట న్యాయము కాదు. ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగు జీరో టర్ను బండ్లు ఇంకను అనర్హములు. వాని ముందుచక్రములు స్వేచ్ఛగా తిరుగునవి గనుక వాలునేలలో పట్టు తప్పి జారును.

మఱి తగినదేది? నా నిశ్చయమైన తీర్పు: తోటపనికి తయారైన యిఱుకు చిన్న ట్రాక్టరు, దాని వెనుక రోటరీ స్లాషరు. ఈ స్లాషరు మొఱటు పనికే పుట్టినది. దీని కత్తులు పచ్చిక బండి కత్తులవలె బిగుసుకొనియుండక, కీలు బోల్టులకు వ్రేలాడుచు, తిరుగు వేగముచేత చాచుకొనును. రాయి తగిలినచో వెనుకకు ముడుచుకొని, దాటినపిదప మఱల చాచుకొనును. కొన్నింటికి కత్తుల నడుమ పళ్ళెమువంటి ఉక్కుబిళ్ళ యుండును. మొద్దు వచ్చినను గుండు వచ్చినను యంత్రము దానిపై జారి పోవును. దెబ్బ మఱియు గట్టిదైనచో, ట్రాక్టరు శక్తిని పనిముట్టునకు చేర్చు పీటీఓ కడ్డీకి గేరుపెట్టెకు నడుమ నుంచిన షియర్ బోల్టు తానే తెగి, గేరుపెట్టెను కాపాడును. ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. బోల్టు మాటిమాటికి తెగుచున్నదని విసిగి, దాని స్థానమున గట్టి యుక్కు బోల్టు బిగించువారు కలరు. అప్పుడు తెగవలసిన బోల్టు నిలిచి, నిలువవలసిన గేరుపళ్ళు విఱుగును. తయారుచేసినవారు చెప్పిన మెత్తని బోల్టులే నాలుగు కొని పనిముట్ల పెట్టెలో నుంచుకొనవలయును. ముందువెనుకల గొలుసుల తెర లేని స్లాషరును కొనరాదు. కత్తి విసరిన గులకరాయి మనిషి ప్రాణము తీయగలదు. కోత జరుగునపుడు పిల్లలను, కూలివారిని దూరముగ నుంచుట యజమాని ధర్మము.

చీనీచెట్ల వరుసలు సాధారణముగా ఆఱు మీటర్ల యెడముతో నుండును. కొమ్మలు చాచుకొన్న పిమ్మట మిగులు సందు అందులో సగము. కనుక నాలుగడుగుల వెడల్పు స్లాషరు చాలును. అడుగు వెడల్పునకు పీటీఓ కడ ఐదు అశ్వశక్తులు కావలెనని యొక మోటు లెక్క కలదు. ఆ లెక్కన పదునైదు అశ్వశక్తుల మహీంద్రా యువరాజ్ 215 వంటిది ఈ పనికి కొంత చాలదు. ఇరువదినాలుగు అశ్వశక్తులతో నాలుగు చక్రములును లాగు కుబోటా నియోస్టార్ వంటిది ఇంచుమించు సరిపోవును. పేరు ఏదైనను గమనింపదగినవి కొన్ని కలవు. పొగగొట్టము పైకి లేచి కొమ్మలను కాల్చునది గాక క్రిందికి వంగినది కావలయును. తలపై రక్షణ చట్రము, నడుమునకు పట్టి ఉండవలయును. చట్రము కొమ్మలకు తగులునని విప్పి షెడ్డులో పారవేయుట ప్రమాదకరము, మడచుటకు వీలైనది దొరకును. పదునైదు డిగ్రీల వాలునకు మించినచోట ఎక్కి నడుపు కోతబండ్లను తోలరాదని తయారీదారులు సాధారణముగా చెప్పుదురు. నాలుగడుగులు నడచినచో ఒక అడుగు పైకెక్కించు వాలు అది. గుట్టవాలు తోటలలో, గెనిమల యంచులలో, ఆ మాత్రపు వాలు సులభముగా వచ్చును. అట్టి యంచులను మనిషిచేతి కొడవలికే విడువవలయును.

డ్రిప్పు పైపుల సంగతి మఱవరానిది. సూక్ష్మసేద్యము ఈ జిల్లాకు ప్రాణాధారము. నల్లని పైపులు గడ్డిలో కనబడకుండ పడియుండును. కోతకు ముందు వానిని చెట్టుమొదటికి జరుపుకొనక బండిని దింపినచో, కత్తి వానిని ముక్కలు చేయును.

ముల్లు మఱియొక శత్రువు. సర్కారుతుమ్మ విత్తనములు 1877లో, పెద్దకఱవు రోజులలో, ప్రక్కనున్న కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటబడినట్లు అటవీచరిత్ర చెప్పుచున్నది. నూటయేబది యేండ్లలోపల ఆ చెట్టు వంకలను, చెఱువుగర్భములను, బీళ్ళను ఆక్రమించినది. దాని ముల్లు పలుచని టైరును సులభముగా దూయును. పచ్చిక బండ్లకు వేయు మెత్తని టైర్లు ఇచ్చట పంచరు కాక నిలుచుట కష్టము; ట్రాక్టరుకు వేయు దళసరి పొరల వ్యవసాయ టైర్లు కొంత యోర్చును. వానికిని లోపల పంచరును పూడ్చు ద్రవమును పోయించుట మంచిది.

ఇన్ని చెప్పినను, ఈ సీమలో బండి మన్నికను నిర్ణయించునది కోత కాలము మాత్రమే కాదు. గడ్డి పెరుగునది రెండు మూడు నెలలు. మిగిలిన కాలము యంత్రము ఊరకుండును. ఆ యూరకుండుటలోనే యది యధికముగా చెడును. వేసవియెండకు రబ్బరు గొట్టములు నెఱ్ఱెలు విచ్చును, బ్యాటరీ యెండును, ఎలుకలు తీగలను కొఱుకును. షియర్ బోల్టునకు బదులు స్లిప్ క్లచ్చి యున్న స్లాషరులలో, బిళ్ళలు తుప్పుపట్టి యొకదానికొకటి అంటుకొనును. అంటుకొన్న క్లచ్చి దెబ్బ తగిలినపుడు జారదు. ఏటేట తొలికోతకు ముందు దాని స్ప్రింగులను వదలుచేసి, బిళ్ళలను జారనిచ్చి, మఱల బిగింపవలయును. ఇక ధూళి మాట. గడ్డిగింజల నూగును ఎఱ్ఱదుమ్మును కలసి రేడియేటరు సందులను మూసివేయును, గాలివడపోతను పూడ్చును. కోత దినములలో ప్రతిసాయంకాలము వీనిని దులుపుకొనని యింజను ఎంత గొప్పదైనను ఎక్కువ కాలము మన్నదు. తాటాకు పందిరియైనను సరే, నీడలేని బండికి ఆయుష్షు తక్కువ.

ఇట్లు ఏడాదిలో అధికభాగము ఊరకుండు యంత్రమును ఒక్కొక్కరు కొనుట దండుగ. దగ్గఱదగ్గఱ తోటలున్న నలుగురైదుగురు కలసి యొక్క స్లాషరు కొని, ట్రాక్టరు కలవాడు తోలునట్లును, తక్కినవారు గంటబాడుగ చెల్లించునట్లును ఒప్పందము చేసికొనుట వివేకము. విడిభాగములు అనంతపురములోనో, కదిరిలోనో, హిందూపురములోనో దొరకునా, ఊరి వెల్డింగు షాపువాడు కత్తిని తీసి పదునుపెట్టి మఱల బిగింపగలడా అనునది వెలకంటె ముఖ్యముగా విచారింపవలయును. ఓడలో రావలసిన బేరింగునకై వాన కాలమంతయు కాచుకొను బండి యెంత నిగనిగలాడినను రైతునకు పనికిరాదు.

అనంతపురమునుండి గుత్తికి పోవు దారిలో గార్లదిన్నె కలదు. అక్కడ 1983 నుండి కేంద్రప్రభుత్వము వారి దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్ర శిక్షణ పరీక్షా సంస్థ పనిచేయుచున్నది. వ్యవసాయ యంత్రములను నిలిపి, నడిపి, విప్పి పరీక్షించి, కత్తియుక్కు కాఠిన్యమెంత, అరుగుదలయెంత, పనిలో విఱిగినవి యేవి అని వ్రాసి నివేదికలిచ్చు సంస్థ యది. దక్షిణదేశమునకెల్ల ఉద్దేశింపబడిన యీ సంస్థ మన యెఱ్ఱనేలలోనే యుండుట మన భాగ్యము. దానిని మనము తగినంతగా వాడుకొనకుండుట విచారకరము. కనుక కొనదలచినవారికి నా ప్రార్థన. సంచకారము చేతిలో పెట్టకముందు ఆ యంత్రమునకు పరీక్షా నివేదిక యున్నదేమో యమ్మకందారు నడుగుడు. ఉన్నచో కత్తిని, కుదురును గూర్చిన పుటలు చదివించుకొనుడు. పిమ్మట బండిని మీ తోటలో మిక్కిలి చెడ్డదైన రాతిచెక్కకు తెప్పించి, మీ కన్నులయెదుట ఒకపూట కోయింపుడు. అందుకు అమ్మువాడు ఒప్పుకొననిచో, వెల యెంత తగ్గించినను ఆ బండిని కొనవలదు.