నాయిన గుండె, నాయిన రంది

గుండెజబ్బు దొరల జబ్బని మా మాదిగవాడల అందరూ అనుకునేవాళ్లు. నెయ్యి తిని కూసుండేటోళ్లకు వస్తదని. ఎండల మట్టి మోసి, బాయిలు తవ్విన ఒంటికి అదెట్ల వస్తది? మా దిక్కు గుండె అంటే ధైర్యం. "వానిది గుండె గట్టిది" అంటరు. ఆ గట్టిగుండెల వరుసల మా నాయిన ముందుండేటోడు. డప్పు మెడకేసుకుంటే రెండు గంటలు దించకుండ కొట్టేటోడు. 2023 జనవరిల ఆ గుండెకు నెత్తురు తీసుకపోయే నాళాలు మూడు మూసుకపోయినయని తేలింది.

నేను సర్కారు బడి పంతులమ్మను. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటిదాన్ని. అందుకే ఆసుపత్రి కాగితాలన్నీ నా చేతికే వచ్చినయి. హైదరాబాదుల ఒక పెద్దాసుపత్రిల బైపాస్ చేసిండ్రు. ఛాతి ఎముక కోసి, కాలిలోని నరం తీసి గుండెకు అతికిండ్రు. ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది. 2007ల ఆ పథకం రాకముందు మా వాడల ఇంత పెద్ద రోగమొస్తే భూమో పుస్తెలో అమ్మాలె, అవి లేనోళ్లు ఇంటికొచ్చి పండాలె. ఆ సంగతి మరిచి మాట్లాడను. ప్రాణం నిలబెట్టిన డాక్టర్లకు దండమే. నేను అడిగేది ప్రాణం నిలబడ్డ తర్వాతి సంగతి.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితమిచ్చిండ్రు. గోలీల పేర్లు రాసి ఉన్నయి. ఛాతి ఎముక అతికేదాక మూడు నెలలు బరువులెత్తొద్దని ఉన్నది. ఉప్పు, నూనె తగ్గించాలని, రోజూ నడవాలని, అయిదు నిమిషాలతోటి మొదలుపెట్టి మెల్లమెల్లగ అరగంటకు పెంచాలని ఉన్నది. మనసు అన్న మాట ఆ కాగితంల యాడా లేదు.

తిండి గురించి చెప్పనీకె ఒక మేడమొచ్చింది. "ఏం తింటరు?" అన్నది. అమ్మకు దాచుడు రాదు. "పెద్దకూర" అన్నది. మేడం మొకం మారింది. "అందుకే ఈ రోగం. మీవాళ్లకు ఎంత చెప్పినా అంతే" అన్నది. నేను పిల్లలకు సైన్సు చెప్తాను. కొవ్వున్న మాంసం గుండెకు మంచిది కాదని నాకూ తెలుసు. కాని పక్కమంచం పెద్దమనిషి మూడు పూటలా ఆవకాయ, నెయ్యి అంటే అదే మేడం నవ్వుకుంట "కొంచెం తగ్గించండి సార్" అన్నది. పచ్చడిల ఉప్పు గుండెకు తక్కువ శత్రువు కాదు గదా. ఉప్పుకు కులం లేదు, సలహాకు ఉన్నది. నాయిన అప్పుడు దించిన తల ఊరొచ్చేదాక ఎత్తలేదు.

ఊర్లె నడక సంగతి చూడుండ్రి. మా వాడ సందులల మోరీలు, రాళ్లు. చదునైన బాట కావాలంటే ఊర్లెకు పోవాలె. పార లేకుండ, మోపు లేకుండ, చేతులూపుకుంట ఊరి నడుమ నడిచిన రోజు నాయిన బతుకుల లేదు. మూడోనాడు అరుగు మీద కూసున్న ఒక పిలగాడు, నా దగ్గర చదివిన పిల్లల వయసోడు, "ఏందిరో, పటేలు లెక్క షికారు తిరుగుతున్నవ్?" అన్నడట. నాయినకు అరవై దాటినయి. మర్నాటి నుంచి ఇల్లు కదల్లేదు. డాక్టరు రాసిన మందుల్ల అతి చవకైంది నడక. అది కూడా మాకు ఊరు అనుమతిస్తేనే.

అప్పటి నుంచి మాట తగ్గింది. గోడ దిక్కు తిరిగి పండుడు. నడిరాత్రి లేచి ఛాతి మీద చెయ్యి పెట్టుకొని, కొట్టుకుంటుందో లేదో చూసుకునుడు. మనుమడొచ్చి మీదెక్కితే దించుడు. గోడకున్న డప్పు దిక్కు చూడకపొయ్యేది. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. చుట్టాలు "సచ్చి బతికినవ్, ఇంకేం రంది?" అని మందలించిండ్రు. ఒకనాడు ఇల్లూకుతుంటే చాపకింద పది దినాల గోలీలు దొరికినయి. "నా అసొంటోనికి ఇవెందుకు బిడ్డా, దండుగ" అన్నడు.

మా దిక్కు దీన్ని రంది అంటరు, మనాది అంటరు. డాక్టర్లు కుంగుబాటు అంటరు. గుండెపోటొచ్చినోళ్లల దగ్గరదగ్గర అయిదుగురిల ఒకరికి గట్టి కుంగుబాటు వస్తదని వైద్యులు ఎప్పుడో లెక్క తేల్చిండ్రు. గుండె రోగులను మనసు సంగతి తప్పక అడగాలని అమెరికా గుండెవైద్యుల సంఘం 2008లనే చెప్పింది. గుండెపోటు తర్వాత వచ్చే కుంగుబాటు దానికదే ప్రమాదమని 2014ల ఇంకో మాట చెప్పింది. కారణం అర్థంకానిదేం కాదు. రంది పట్టినోనికి నిద్ర ఉండదు, నెత్తురు పోటు అదుపుల ఉండదు, గోలీ మింగడు, నడవడు. గుండె మళ్ల దెబ్బతింటది. దెబ్బతిన్న గుండె రందిని ఇంకింత పెంచుతది.

ఈ రంది కొలవనీకె తొమ్మిది ప్రశ్నల కాగితమొకటి ఉన్నది. గడిచిన రెండు వారాలల పని మీద మనసు పోతుందా, దిగులుందా, నిద్ర, అలుపు, ఆకలి ఎట్లున్నయి, ఎందుకూ పనికిరాననిపిస్తుందా, మనసు ఒకతాన నిలుస్తుందా, మాట నడక మందమైనయా, సస్తే బాగుండనిపిస్తుందా. ఒక్కో ప్రశ్నకు సున్న నుంచి మూడు. మొత్తం 27. పది గాని, అంతకన్న ఎక్కువ గాని వస్తే డాక్టరు చూడాలె. ఎక్కువ మార్కులొచ్చినోడు ఆపదల ఉన్నట్టు లెక్క. ఎండకాలం సెలవులల నేను మా మాటలల నాయినను అడిగిన.

"పని మీద మనసు పోతలేదా నాయినా?"

"పనే లేనోనికి మనసు యాడికి పోతది బిడ్డా."

ఆఖరు ప్రశ్నకు చానసేపు పలకలేదు. తర్వాత అన్నడు: "ఊరందరి సావుకు నేను కొట్టిన. నా సావుకు ఎవడు కొడ్తడా అని చూస్తున్న."

పదహారు మార్కులొచ్చినయి. ఆఖరు జవాబు విన్నంక మార్కులు కూడే అవసరం కూడా లేదు.

2022 అక్టోబరుల సర్కారు టెలి మానస్ పెట్టింది. నంబరు 14416. పైసలు లేవు, రాత్రి పగలు లేదు, తెలుగుల మాట్లాడతరు. ఆ రాత్రే చేసిన. "పిచ్చోల్లకు చేసే ఫోనా?" అని నాయిన మొకం తిప్పుకున్నడు. అవతల ఆమె "పెద్దాయనా, రాత్రిపూట ఏం భయమైతది?" అనడిగింది. ఆసుపత్రిల ఇన్ని దినాలుంటే ఆ ప్రశ్న అడిగినోళ్లు లేరు. చిన్నగ మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చెప్పిండు. నేను బయటికొచ్చి కూసున్న.

వాళ్లు చెప్తే జిల్లా ఆసుపత్రిల మనసు డాక్టరు దగ్గరికి తోలుకపోయిన. ఆయన ముందు గుండె ఆపరేషన్ కాగితాలు చూసిండు. కుంగుబాటుకిచ్చే పాతరకం మందులు కొన్ని గుండె లయ మీద పడతయట. గుండెకు ఇబ్బంది లేనిది చూసి రాసిండు. నాలుగైదు వారాలకు గాని గుణం కనపడదు, నడుమల ఆపొద్దన్నడు. మాట సాయం కూడా కావాలని నెలకు రెండుసార్లు రమ్మన్నడు. డప్పు గురించి అడిగిండు. సిర్ర ఏ చేత, సిటికెన పుల్ల ఏ చేత, ఎంతసేపు కాపాలె అని. నాయిన చేతులతోటి చూపెట్టిండు.

నడక సంగతి నాయినే తెంపిండు. వాడల స్టెంటు వేయించుకున్నోడు ఒకడున్నడు, షుగరోళ్లు ఇద్దరున్నరు. నలుగురు కలిసి పొద్దున ఊరి నడుమ నుంచే నడవబట్టిండ్రు. ఒక్కడు పోతే షికారు అన్న అరుగు నలుగురిని చూసి మాట్లాడలేదు. నడిచినంక యాపచెట్టు కింద కూసొని ఎవనికి రాత్రి నిద్ర పట్టింది, ఎవడు గోలీ మింగలేదు అని అడుక్కుంటరు. పెద్దాసుపత్రులల దీనికి పునరావాసమని పేరు, గది, ఫీజు ఉంటయి. ఇది ఖరీదు లేకుండ చెయ్యొచ్చని మన దేశంలనే చూసిండ్రు. 24 ఆసుపత్రులల 3,959 మంది గుండెపోటు రోగులతోటి చేసిన యోగా పరిశోధన 2020ల అచ్చయింది. దానితోటి చావులు తగ్గినయని తేల్చలేకపోయిండ్రు. కాని యోగా చేసినోళ్లు తమ ఆరోగ్యం మెరుగైందన్నరు, పాత పనులల్ల ఎక్కువగ పడ్డరు.

పాత పనులు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయిన. దొర కొడుకుకు పాత పని అంటే ఆఫీసు కుర్చీ. మా నాయినకు పాత పని అంటే నడిరాత్రి కబురొస్తే పోయి, ఊరోల్ల శవం ముందు తెల్లారేదాక కొట్టుడు. అందులకే పంపితే అది కోలుకునుడు ఎట్లయితది? గుండె డాక్టరు సరేనన్నంక అయిదో నెలల నాయిన డప్పు దించి కాక పట్టిండు. పది నిమిషాలు, తన కోసం. తర్వాత ఊర్లెకెళ్లి సావు డప్పుకు కబురొస్తే "మా డాక్టరు వద్దన్నడని చెప్పు పో" అన్నడు. ఏ డాక్టరూ అట్ల అనలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకొని నవ్వింది. మా బడిల ఆగస్టు పదిహేనుకు మాత్రం వచ్చి కొట్టిండు.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెండ్లూ, ఉద్యమంల తిరిగే అన్నలూ, వాడల ఎవరన్న ఛాతికి కుట్లేసుకొని వస్తే "పైసలెంతైనయి" అనడిగి ఊకోకుండ్రి. నిద్ర పడుతుందా అని అడగుండ్రి. 14416 గోడల మీద రాయుండ్రి. గుండె ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రి ఇంటికి పంపే కాగితంల ఆ తొమ్మిది ప్రశ్నలు తెలుగుల పెట్టాలె. నెలకోసారి ఏఎన్ఎం అవి అడగాలె. తిండి సలహాల కులం మాట తీసిన మేడాలను జవాబు అడగాలె. వాడ బాటకు సిమెంటు పొయ్యమని పంచాయతీల కొట్లాడితే, అది కూడా గుండె వైద్యమే.