గగన్ మహల్‌లో ఓ పూట పాఠం

ధర్మవరంలో బయల్దేరిన ఏడో తరగతి పిల్లల బస్సు పెనుకొండ చేరేసరికే పులిహోర డబ్బాలు సగం ఖాళీ! ఎదురుగా గగన్ మహల్. 'రాజుగారిల్లు ఇంతేనా?' పెదవి విరిచాడొకడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక తిరుమల రాయలు విజయనగర రాజధానిని ఈ ఊరికే మార్చాడని మాస్టారు చెప్పారు. కింద కమానులు, పైన గుడిని తలపించే శిఖరం... హిందూ, ముస్లిం శైలులు కలిసిన కట్టడమది. గోడమీద ఓ మూల మాత్రం ఎవరెవరో గీసిన పేర్లు! తనూ గీద్దామని జేబులోంచి మేకు తీసిన పిల్లాడు ఆగి, 'కట్టిన మేస్త్రీల పేర్లేవి సార్?' అన్నాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు. మేకు మళ్లీ జేబులోకెళ్లింది.

హిందూపురం-ధర్మవరం రైలు మార్గంలోనే ఉంది పెనుకొండ. పిల్లల్ని తీసుకెళ్లండి. మేకులు మాత్రం ఇంట్లోనే వదిలేయండి!