కోర్టు సీనులో డైలాగుల్లేవు!

మన సినిమాల్లో విడాకులు ఎంత సులువో! హీరో కాయితం బల్లమీద పడేస్తాడు. హీరోయిన్ కళ్ళు తుడుచుకుని గబగబా సంతకం చేసి, "మీ ఆస్తి నాకక్కర్లేదు" అంటుంది. హాల్లో చప్పట్లు! నేనూ కొట్టినదాన్నే. పదేళ్ళుగా సినిమాలమీద రాసి బతుకుతున్న ఫ్రీలాన్సు జర్నలిస్టుని మరి!

ఆ కాయితం నా బల్లమీదే పడ్డాక తెలిసింది అసలు సంగతి.

మాది కొట్లాటల కాపురం కాదు, మాటలైపోయిన కాపురం. ఏడాది పైగా ఆయన అమీర్‌పేటలో, నేను కృష్ణానగర్‌లో. ఓ ఆదివారం ఆయనొచ్చి, "ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నట్టు రాయించాను. సంతకం పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. పెన్ను తీశాను కూడా! ఎందుకో చెయ్యాడలేదు. "రేపు పంపిస్తాలెండి" అన్నాను.

మర్నాడు తెలిసిన లాయరమ్మకి చూపించాను.

"మీ వాళ్ళు పెట్టిన బంగారం నీ చేతికొచ్చిందామ్మా?"

"లేదండీ. పన్నెండు కాసులూ ఆయన లాకర్లోనే వుంది."

"మరి రావలసినవన్నీ ముట్టాయని ఇందులో వుందే! చదవలేదూ?"

చదవలేదు! ఊళ్ళోవాళ్ళ స్క్రిప్టుల్లో లోపాలేరే నేను నా స్క్రిప్టు చదవలేదు.

ఆవిడ కాఫీ ఇప్పించి నిదానంగా చెప్పారు. పరస్పర అంగీకారంతో విడాకులనేది హిందూ వివాహ చట్టంలోకి 1976లో వచ్చింది. అదే 13-బి సెక్షను. దానికి కనీసం ఏడాది విడిగా వుండాలి. పిటిషను వేశాక మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ ఆర్నెల్లూ కోర్టు మాఫీ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఇక పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం. పెళ్ళయినంతమాత్రాన అది ఉమ్మడి సొత్తు అయిపోదని 1985లోనే తీర్పుంది. ఇతర మతాలవారికి, స్పెషల్ మ్యారేజీ చట్టం కింద చేసుకున్నవారికి చట్టాలు వేరు.

"ఏడవడానికి రాత్రుళ్ళున్నాయి. పగలు ఫైలు తయారుచెయ్యి" అన్నారావిడ.

చేశాను. శుభలేఖ, పెళ్ళి ఫొటోలు, విడిగా వుంటున్నట్టు అద్దె అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌కంటాక్సు రిటర్నులు. బంగారం బిల్లులు సగమే దొరికాయి. మిగతా నగలకి పెళ్ళి ఫొటోలే సాక్ష్యం! ఫొటోలో మెళ్ళో వున్న కాసులపేరుని భూతద్దంతో చూసి లిస్టు రాశాను. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఆ పూట ఇంక లిస్టు సాగలేదు.

భరణం అడిగితే ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పు అఫిడవిట్‌లో చెప్పాలని 2020లో సుప్రీంకోర్టు అంది. అడిగినా అడక్కపోయినా లెక్క రాసిపెట్టుకోమన్నారు లాయరమ్మ. హీరోల కోట్లు వేళ్ళమీద చెప్పే నాకు నా నెల ఖర్చు తెలీదు. అద్దె, గ్యాసు, ఆటో అన్నీ కూడితే... నా రాతలతో నేను బతకగలను, బొటాబొటీగా. ఆ ధైర్యం లెక్కలోంచే వచ్చింది. ఎల్లైసీ పాలసీలో నామినీ పేరు ఇంకా ఆయనదే. అదీ మార్పించాను.

తెనాలి నుంచి పిన్ని ఫోన్లో కయ్‌మంది. "కాపురం నిలబెట్టుకోవాల్సింది పోయి ఫైళ్ళు కడతావుటే? నలుగురూ ఏమనుకుంటారు?"

లిస్టు ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. "లాయరు రాసిందే. నేనూ సరిగ్గా చదవలేదు" అన్నారు. నిజమే అయివుంటుంది. మా కథలో విలన్ లేడు. వారంలో బంగారం ఇంటికొచ్చింది. ఆ తర్వాతే కొత్త పిటిషన్‌మీద సంతకం చేశాను, ప్రతి పేజీ చదివి.

కోర్టులో జడ్జిగారు అడిగింది ఒక్కటే. "ఎవరి బలవంతమూ లేదు కదా?" లేదండీ అన్నాను. ఉరుములూ లేవు, చప్పట్లూ లేవు. మెట్లు దిగుతుంటే ఆయన, "ఆటో పిలవనా?" అన్నారు. నేనే పిలుచుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం బాగా ఏడ్చాను.

మొన్న పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "ఒసేయ్, ఆ కాయితాల లిస్టు ఓ కాపీ పంపవే. మా ఎదురింటి పిల్ల సంతకం పెట్టబోతోంది" అంది.

ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టంలోనే వుందనీ, జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ దగ్గర అడగమనీ కింద రాసి పంపాను.