పతకం రాకున్నా ఆడనియ్యండి

డల్లాస్‌లో మన తెలుగువాళ్ల క్రికెట్ లీగ్‌లో పేరిద్దామని వెళ్తే, బల్ల దగ్గర కూర్చున్నాయన "మీవారి పేరు చెప్పండమ్మా" అన్నారు. ఆడేది నేనేనన్నాను. "లేడీస్‌కు సంక్రాంతికి త్రోబాల్ పెడుతున్నామండీ" అన్నారు మర్యాదగానే. త్రోబాల్ మంచి ఆటే. కానీ నాకు స్పిన్ వేయడం ప్రాణం.

ఎల్లారెడ్డిలో చదువుకునే రోజుల్లో మమ్మల్ని ఎవరూ ఆట మానమని చెప్పలేదు. చెప్పే పని పడలేదు. గ్రౌండ్ దగ్గర గడియ పడే మరుగుదొడ్డి లేక నెలలో కొన్ని రోజులు పోయేవి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి కాబట్టి సాయంత్రం ప్రాక్టీసు పోయేది. చున్నీ నడుముకు బిగించి ఖోఖో ఆడుతుంటే గోడెక్కి కూర్చున్న మగపిల్లల మాటలకు ఉన్న కాస్త హుషారూ పోయేది. ఇంటికొస్తే అమ్మమ్మ: "ఎండల ఉరికితే నల్లవడ్తవ్ బిడ్డా, రేపు సంబంధాలెట్ల వస్తయ్?"

మా ఊరి నుంచి కామారెడ్డికి పోయే దారిలోనే తాడ్వాయి ఉంది. అక్కడి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందిన పిల్ల! ఆమె ధైర్యం ఆమెదే. కానీ గురుకులం పిల్లలకు ఒక వెసులుబాటుంది, చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్న బెంగ లేదు. ఇంటి నుంచి బడికి పోయివచ్చే పిల్లకు అదెక్కడిది?

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన రోజు నేను తెల్లారకముందే లేచి టీవీ ముందు కూర్చున్నాను. కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా గుండె దడదడలాడింది. వీళ్లను చూసి మా వైపు ఆడపిల్లల్ని ఆటకు పంపుతున్నారు, సంతోషం. అయితే వెంటనే "నువ్వూ పతకం తెస్తవా?" అని అడుగుతున్నారు. బ్యాటు చేతబట్టుకుని పోయే మగపిల్లాణ్ణి ఆ మాట ఎవరడుగుతారు? వాడు ఆడుకోవడానికి పోతున్నాడు, అంతే.

ఇక్కడ మా అమ్మాయి బడి జట్టులో సాకర్ ఆడుతుంది. ఎక్కువగా బెంచీ మీదే ఉంటుంది. అయినా మానేయమని ఎవరూ అనరు. ఇదేదో ఈ దేశపు మంచితనం అనుకోను. ప్రభుత్వ డబ్బు తీసుకునే బళ్లు ఆడపిల్లల పట్ల తేడా చూపకూడదని 1972లో టైటిల్ నైన్ చట్టం తెచ్చారు. గ్రౌండూ, కోచ్, బస్సూ ఆ తర్వాతే వచ్చాయి.

మా అన్న కూతురు ఎల్లారెడ్డిలో తొమ్మిదో తరగతి, కబడ్డీ అంటే చెవి కోసుకుంటుంది. "జిల్లాకు సెలెక్ట్ కాకపోతే నాన్న బంద్ చేయిస్తడట అత్తా" అని మొన్న ఫోన్‌లో ఏడ్చింది. అన్నతో మాట్లాడితే, భయం సెలెక్షన్ గురించి కాదని తేలింది. ప్రాక్టీసు అయ్యేసరికి పొద్దుగూకుతుందట. వాళ్ల వాడకట్టులోనే కబడ్డీ ఆడే పిల్లలు ఇంకో నలుగురున్నారు. అందరినీ కలిపి ఇంటికి చేర్చేలా ఆటో మాట్లాడమన్నాను, కిరాయి నేను పంపుతానన్నాను. "చూద్దాంలే" అన్నాడు. ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాను.